మంచాన పడితేనే మనకు బీమానా?

"ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇంకేం కావాలి?" అంటారు. అలా అనేవాళ్లలో చాలామందికి జ్వరమొస్తే ఫోన్ చేసి అడగడానికి చుట్టాల్లోనే ఒక డాక్టరు ఉంటాడు. వాడ నుంచి వచ్చి, ఇంట్లో మొదటి డిగ్రీ చేసిన మన పిల్లలకు అలాంటి పెదనాన్నలూ మేనమామలూ లేరు. వాళ్లకున్నది మెడికల్ షాపు. "అన్నా, రెండు రోజుల నుంచి కడుపులో మంట" అని చెప్పి నాలుగు మాత్రలు తెచ్చుకోవడమే వాళ్లకు తెలిసిన వైద్యం.

మిత్రులారా, తెలుగులో రెండు మాటలున్నాయి. డాక్టరుకు చూపించుకోవడం ఒకటి. ఆసుపత్రిలో చేరడం ఇంకొకటి. మన బీమా అంతా రెండో మాట మీదే నడుస్తోంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకు, పెద్ద చికిత్సలకు. అది ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఇస్తానంటుంది, ఓపీ మాత్రం దాని లెక్కలో లేదు. మామూలు ప్రైవేటు పాలసీ కూడా, డే కేర్ చికిత్సలు తప్ప, 24 గంటలు బెడ్డు మీద ఉంటేనే కదులుతుంది. లక్షలు పెరుగుతున్నాయి. ఓపీ చీటీ, రక్తపరీక్ష, నెలనెలా మందులు మాత్రం జేబులోంచే పోతున్నాయి.

ఇరవై రెండేళ్ల వాళ్లకు వచ్చే జబ్బులేమిటి? రక్తహీనత. నెలసరి ఇబ్బందులు. రెండు వారాలైనా తగ్గని దగ్గు. నిద్రపట్టని రాత్రులు. ఇవన్నీ చూపించుకోవాల్సినవి. చూపించుకోకపోతే కొన్నాళ్లకు చేరాల్సినవి అవుతాయి. అప్పుడు కార్డు పనిచేస్తుంది. అంటే పథకం మనతో చెబుతున్నది ఇదే: ముందు ముదరనివ్వు, తర్వాత రా.

చూపించుకోవడాన్ని హక్కుగా ఇచ్చే పథకం మన దేశంలో ఒకటి ఉంది. అది ఈఎస్ఐ. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే కార్మికుల ఆరోగ్య బీమాపై నివేదిక తయారుచేసే పనిని బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది. 1948లో వచ్చిన చట్టానికి పునాది అదే. ఈఎస్ఐ కింద ఉద్యోగంలో చేరిన రోజు నుంచే మనకూ మన మీద ఆధారపడ్డ కుటుంబానికీ వైద్యం ఉంటుంది. డిస్పెన్సరీలో డాక్టరు చూస్తాడు, మందులిస్తారు. దానికి పైసా కట్టక్కర్లేదు.

నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న వాళ్లకు ఇది వర్తిస్తుంది. ఔట్‌సోర్సింగ్‌లో, షోరూముల్లో, కాల్ సెంటర్లలో చేరే మన పిల్లల్లో ఎక్కువమంది ఈ లెక్కలోని వాళ్లే. 15,000 జీతమైతే మన వాటా 112 రూపాయల 50 పైసలు, యజమాని వాటా 487 రూపాయల 50 పైసలు. నెలకు 600 రూపాయలు మన పేరు మీద జమ కావాలి. నా దగ్గర చదువుకుని వెళ్లినవాళ్లను అడుగుతుంటాను, ఈఎస్ఐ నంబరు ఎంత అని. జీతం చీటీలో కోత ఉంటుంది, చేతిలో నంబరు ఉండదు. నంబరున్నవాళ్లు కూడా డిస్పెన్సరీ ఎక్కడో చూసి ఉండరు. సగం రోజు సెలవు పెడితే ఆ జీతం పోతుందని భయం. అడిగితే కాంట్రాక్టరుకు కోపమొస్తుందని ఇంకో భయం.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అది ఎవరూ వేసే భిక్ష కాదు. కోసుకున్నది మన జీతం. చేరిన మొదటి వారంలోనే నంబరు అడగండి. ఒంట్లో బాగున్నప్పుడే వెళ్లి డిస్పెన్సరీ ఎక్కడుందో చూసి రండి. ఒక్కరే అడగడానికి జంకుంటే పదిమంది కలిసి అడగండి.

అడగడం అక్కడితో ఆగకూడదు. చదువుకుంటున్న కొడుకు తండ్రి ఈఎస్ఐలో 21 ఏళ్ల వరకే ఉంటాడు. పీజీలో, పీహెచ్‌డీలో ఉన్నవాడు ఏ లెక్కలోనూ లేడు. డెలివరీ బండి నడిపేవాడి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్, మెస్ బిల్లులతో పాటు ఇంకో డిమాండ్ రాసుకోవాలి. ఆరోగ్యశ్రీలో ఓపీ, పరీక్షలు, మందులు చేర్చాలి. ప్రతి హాస్టల్‌కూ వారానికోసారైనా డాక్టరు రావాలి. బస్తీ దవాఖానాలూ ఈఎస్ఐ డిస్పెన్సరీలూ పని దిగిన మనిషి వెళ్లగలిగేలా సాయంత్రాలు తెరవాలి.

మన పెద్దలు "ఒంటికి ఏమైంది" అని అడగకుండానే కూలికి పోయారు. నొప్పిని ఓర్చుకోవడాన్ని మనకు గుణంగా అంటగట్టారు. ఆ మెప్పు మనకొద్దు. నొప్పి మొదలైన రోజే డాక్టరు ముందు కూర్చునే హక్కు కావాలి.

జై భీమ్.