ముందు ఆ పగడపు కొమ్మను షోకేసులోంచి తీయండి



దీపావళి తర్వాత మళ్లీ మాల్వణ్ యాత్ర, "స్క్యూబా డైవింగ్ సహా" అని మన గ్రూపులో పోస్టర్ వచ్చింది. పోస్టర్ మీద నిరుటి ఫోటోనే వేశారు. మన కుర్రాడొకడు నీళ్ల అడుగున పగడం మీద రెండు కాళ్లూ మోపి, రెండు వేళ్లు చూపిస్తూ నిలబడ్డ ఫోటో. కింద వరుసగా చప్పట్ల గుర్తులు. మేము కొందరం చప్పట్లు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదని ఫోన్లు వచ్చాయి. ఫోన్లో చెప్తే ఒక మాట పది మాటలవుతుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నాం. పొడుగైంది, జర ఓపికగా చదవండి.

నిరుడు ఏం జరిగిందో యాత్రకు వచ్చినవాళ్లకు సగమే తెలుసు, రానివాళ్లకు అసలే తెలియదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు, మాలో ఒకరి మేనల్లుడు. అప్పటికి రెండు రోజులుగా జలుబు. సోలాపూర్ నుంచి బస్సులో తుమ్ముతూనే వచ్చాడు. పడవ ఎక్కే ముందు ఇంగ్లీషులో ఉన్న కాగితం ఒకటి ఇచ్చారు. అందరం చదవకుండానే సంతకాలు పెట్టాం. పిల్లవాడి తరఫున పెట్టింది కూడా మాలో ఒకరే. పడవ మీద ఐదు నిమిషాలు హిందీలో, మరాఠీలో ఏవో జాగ్రత్తలు చెప్పారు. ఇంజిన్ చప్పుడులో సగం వినబడలేదు.

రెండు మీటర్లు దిగగానే వాడి చెవి నొప్పెట్టింది. బాగాలేదని చెప్పడానికి బొటనవేలు కిందికి చూపించాడు. డైవింగ్‌లో ఆ సైగకు అర్థం "కిందికి పోదాం" అని. తీసుకుపోయేవాడు కిందికి తీసుకుపోయాడు. వాడు మళ్లీ అదే చూపించాడు. ఇంకా కిందికి తీసుకుపోయాడు. పైకి వచ్చేసరికి చెవిలోంచి రక్తం. ఊరికి వచ్చాక చెవి డాక్టరు కర్ణభేరికి చిల్లు పడిందన్నారు. అది మానడానికి రెండు నెలలు పట్టింది.

అదే రోజు ఒక వదిన చేపలను చూసిన సంబరంలో బొటనవేలు పైకి చూపించింది. "పైకి పోదాం" అంటోందనుకుని ఆమెను మూడు నిమిషాల్లో పైకి తెచ్చేశారు. తిరుగు ప్రయాణంలో ఆ ముచ్చట చెప్పుకొని బస్సంతా నవ్వింది. పిల్లవాడి ముచ్చట ఎవరూ ఎత్తలేదు. నిజానికి రెండూ ఒకటే ముచ్చట. భాష నేర్చుకోకుండా దిగాం.

"లోతు తక్కువే కదా, ఏమవుతుంది" అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారట. అన్నా, లెక్క చూడండి. నీటిపైన ఉన్న ఒత్తిడితో పోలిస్తే పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు. అక్కడికి చేరేసరికి గాలి బుడగ సగానికి కుదించుకుపోతుంది. ఇంకో పది మీటర్లు దిగినా అంత మార్పు ఉండదు. అంటే చెవికి అసలు పరీక్ష మొదటి పది మీటర్లలోనే. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవిలో ఒత్తిడి సరిచేసుకోవాలి. అదీ నొప్పి మొదలవకముందే, దిగుతున్నంతసేపూ. జలుబుంటే గొంతు నుంచి చెవికి పోయే దారి మూసుకుపోతుంది, ఎంత ఊదినా పని జరగదు. ఇక పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. ఈ రెండు సంగతులూ ఊగే పడవ మీద ఐదు నిమిషాల్లో వచ్చేవి కావు.

ఇప్పుడు కొందరు "ఆ డైవింగ్ వాళ్లే మోసగాళ్లు" అంటున్నారు. మేము ఒప్పుకోం. ఒడ్డున పదిమందిని అడిగి, అందరికంటే తక్కువ చెప్పినవాళ్ల దగ్గరికి పోయింది మనం. అక్కడ కూడా తలకు ఇంత తగ్గించమని గంటసేపు బేరమాడింది మనం. టవల్ ధర నొక్కితే పోగులు తగ్గుతాయని మనకు ఒకరు చెప్పాలా? వ్యాపారి చద్దరు బరువు తూచకుండా రేటు మాత్రమే అడిగితే మన తాతలు ఏమనేవారో గుర్తులేదా? మనం తగ్గించిన డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గాలి. నీటిలో గడిపే సేపులో తగ్గింది, చెప్పే మాటల్లో తగ్గింది, మనిషికి ఒక మనిషి ఉండాల్సిన చోట ఇద్దరికి ఒకడయ్యాడు. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది చేపలు పట్టే ఇళ్ల కుర్రాళ్లే. కూలి నొక్కితే ఎట్లా ఉంటుందో మగ్గం ఇళ్లలో పుట్టిన మనకే బాగా తెలియాలి.

ఇది భయపెట్టడానికి చెప్పే కథ కూడా కాదు. 2022 మే 24న తార్కర్లీ దగ్గర స్క్యూబాకు పోయి తిరిగి వస్తున్న పర్యాటకుల పడవ బోల్తాపడి ఇద్దరు చనిపోయారు. పడవలో దాదాపు ఇరవై మంది ఉన్నారు. పేపర్లలో వచ్చింది, మనమంతా చదివాం, మరిచిపోయాం.

ఇక ఆ కొమ్మ సంగతి. సంఘం ఆఫీసులో మన పాత అధ్యక్షుల ఫోటోల కింద, క్రికెట్ కప్పు పక్కన తెల్లటి పగడపు కొమ్మ పెట్టారు. "మాల్వణ్ యాత్ర జ్ఞాపకం" అని చీటీ కూడా అతికించారు. తెచ్చిన అన్న "విరిగి పడి ఉంటే తీసుకొచ్చా" అంటున్నాడు. అన్న మంచివాడే, మాకు తెలుసు. కానీ పగడం రాయి కాదు. సున్నపు గూడు కట్టుకుని గుంపుగా బతికే చిన్న చిన్న ప్రాణులవి. వాటి ఒంట్లో కాపురముండే కంటికి కనబడని నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. నీరు మరీ వేడెక్కితే ఆ నాచు పోయి పగడం తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. ఇట్లా ప్రపంచమంతా పగడాలు తెల్లబడుతున్నాయని, ఇది నాలుగో విడత అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. బండలా పెరిగే రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే ఎదుగుతాయి. మన కుర్రాడు ఫోటో కోసం మోపిన అడుగు కింద ఎన్నేళ్లు నలిగాయో లెక్కేసుకోండి. షోకేసులో ఉన్నది తెల్లగా అందంగా ఉందంటున్నారు. బతికున్నప్పుడు దాని రంగు అది కాదు. మనం పెట్టుకున్నది ఎముక.

చట్టం సంగతి కూడా వినండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న జాబితా అది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మాల్వణ్ తీరంలో కొంత భాగం 1987 నుంచి సముద్ర అభయారణ్యం. సంఘం ఆఫీసులో పులి గోరు పెట్టి "యాత్ర జ్ఞాపకం" అని రాస్తామా? పరువు పోతుందని కమిటీ ఊరుకుంటోంది. రేపు ఎవరో ఫోటో తీసి పంపిస్తే అప్పుడు పోయే పరువు ఇంతకు పదింతలు.

ముందు ముందు మునిగిన ఓడ కూడా చూపిస్తామని పోస్టర్‌లో ఉంది. గుల్దార్ గురించి అనుకుంటాం. పోలండ్‌లో కట్టిన నౌక, 1985లో మన నౌకాదళంలో చేరి, 2024 జనవరిలో సేవ నుంచి తప్పుకుంది. సుమారు 84 మీటర్ల పొడవు. దాన్ని నివతి రాక్ దగ్గర సముద్రంలో ముంచి కృత్రిమ దిబ్బగా చేయాలని మహారాష్ట్ర పర్యాటక సంస్థ ప్రాజెక్టు. ఈ ఆలోచన మాకు నచ్చింది. ఇనుము చెయ్యి తగిలితే చావదు. జనం ఓడ దగ్గరికి పోతే పగడం మీద ఒత్తిడి తగ్గుతుంది. బాలిలో తులంబెన్ అనే ఊరి దగ్గర లిబర్టీ అనే అమెరికన్ ఓడ ఉంది. 1942లో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే ఒడ్డుకు చేర్చారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది. ఇప్పుడు ఒళ్లంతా పగడం మొలిచి, దాని చుట్టూ ఊరు బతుకుతోంది. అక్కడి ఆడవాళ్లు సిలిండర్లు తలమీద మోసి సంపాదించుకుంటారు.

కానీ ఓడ శిక్షణ లేనివాళ్లకు ఆటస్థలం కాదు. తుప్పు రేకులు కోస్తాయి, చిక్కిన వలలు పట్టేస్తాయి, లోపలికి దూరితే నేరుగా పైకి వచ్చే దారి ఉండదు. పెద్ద శిక్షణ సంస్థల నియమం ప్రకారం మొదటిసారి దిగేవాళ్లకు హద్దు 12 మీటర్లు, మొదటి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు 18 మీటర్లు. నిరుటి పద్ధతిలోనే ఓడ దగ్గరికి కూడా తీసుకుపోతామంటే మేము అడ్డం నిలబడతాం.

ఇంకో సంగతి మనలో ఎవరికీ తట్టలేదు. డైవ్ చేస్తే ఒంట్లో నత్రజని కరుగుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి. అందుకే ఒక్క డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, ఎక్కువ చేసినవాళ్లు 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. మనది విమానం కాదు కదా అంటారా? ఆంబోలీ ఘాట్ సుమారు 690 మీటర్ల ఎత్తు. లోతులేని ఒక్క డైవ్‌కు ప్రమాదం తక్కువే. అయినా రెండు మూడుసార్లు దిగినవాళ్లను అదే సాయంత్రం బస్సెక్కించి ఘాటు దాటించడం తెలివైన పని కాదు. ఒక రాత్రి గది అద్దె మిగుల్చుకోవడానికి నిరుడు మనం చేసింది అదే.

"నేత పని వాళ్లం, మనకు సముద్రం ఎందుకు, యాత్రే వద్దు" అనే పెద్దలకు కూడా ఒక మాట. తెలంగాణ నుంచి మూటలు కట్టుకుని ఇక్కడికి వచ్చినప్పుడు మన ముత్తాతలకు ఈ ఊరి భాష కూడా రాదు. నేర్చుకున్నారు, నిలబడ్డారు. సముద్రం దగ్గరికీ అట్లాగే పోదాం. వదినలు, చెల్లెళ్లు ఒడ్డున సంచులు కాపలా కాయడానికి కాకుండా నేర్చుకోవడానికి రావాలి.

కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, ఆ కొమ్మను వకీలు సలహాతో, సంఘం లెటర్‌హెడ్ మీద లేఖ రాసి అటవీ శాఖకు అప్పగించాలి. తెచ్చిన అన్నను ఒంటరిని చేయకుండా సంఘమే బాధ్యత తీసుకోవాలి. రెండు, ఆరోగ్య వివరాల కాగితాన్ని తెలుగులో, మరాఠీలో రాయించి ఇంటింటికీ ముందుగా ఇవ్వాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం ఉంటే డాక్టరు ఒప్పుకోనిదే దిగకూడదు. జలుబుంటే ఆ రోజు దిగకూడదు. మూడు, ఇక్కడే ఈత కొలనులో శిక్షకుడితో ఊపిరి, చెవి, సైగలు సాధన చేయించాలి. కొలనులో కాళ్లు నేలకు తగలకుండా తేలడం రానివాళ్లు పగడం దగ్గరికి పోవద్దు. నాలుగు, బేరం ధర మీద కాకుండా మనిషికి ఒక మనిషి, పూర్తి శిక్షణ, పడవలో అందరికీ లైఫ్ జాకెట్ అనే వాటి మీద ఆడాలి. ఐదు, డైవ్ అయిన రాత్రి అక్కడే పడుకోవాలి.

ఖర్చు పెరుగుతుంది, నిజమే. పదిమంది తక్కువ వస్తారు, రానీయండి. ఇవి కుదరకపోతే సంఘం పేరు తీసి ఎవరికి వారు పోవచ్చు.

ఆ పిల్లవాడు ఇప్పుడు బాగున్నాడు. ఈసారి కూడా వస్తానంటున్నాడు. చెవి నొప్పెడితే ఏం చేయాలో వాడే ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నాడు. అరచెయ్యి అటూ ఇటూ ఊపి, తర్వాత చెవి వైపు వేలు చూపించాలి. పోయిన ఆదివారం వాడు మాకు నేర్పించాడు. పెద్దవాళ్లం మనం వాడికి ముందే నేర్పించి ఉండాల్సింది.

ఒప్పుకోనివాళ్లు ఇక్కడే రాయండి. సమావేశానికి మాత్రం తప్పకుండా రండి.

మీ,
యువజన విభాగంలో కొందరం