పొరుగు స్నేహానికి వెల ఎవరు కట్టాలి?

2024 ఫిబ్రవరిలో పోలండ్ రైతులు ట్రాక్టర్లతో ఉక్రెయిన్ సరిహద్దు దారులను దిగ్బంధించారు. అవతలి నుంచి వచ్చిన ధాన్యాన్ని కొన్నిచోట్ల వ్యాగన్ల నుంచీ లారీల నుంచీ నేలపాలు చేశారు. ఆ ధాన్యం పండించినవాడు బాంబుల మధ్య సేద్యం చేస్తున్న రైతు. పారబోసినవాడు ధర పడిపోయి కుంగిన రైతు. అంతకు రెండేళ్ళ ముందు అదే పోలండ్ ప్రజలు లక్షలాది ఉక్రెయిన్ శరణార్థులకు ఇళ్ళ తలుపులు తెరిచి అన్నం పెట్టారు. అంత ఆదరణ ఇంత త్వరగా కక్షగా ఎందుకు మారింది?

రైతుల మనసుల్లో వెతికితే దీనికి జవాబు దొరకదు. యూరోపియన్ యూనియన్ తన చుట్టూ ఉన్న దేశాలతో సంబంధాలు పెంచుకున్న తీరులో వెతకాలి. యూరప్ గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. అదే కూటమితో మన ప్రభుత్వం కూడా వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు జరిపింది. ఇరుగుపొరుగుతో ఎలా వ్యవహరించిందో తెలిస్తే, దూరాన ఉన్న మనతో ఎలా వ్యవహరిస్తుందో కొంత అంచనాకు వస్తుంది.

నియమాలు వారివి, అమలు వీరిది

2004 మే 1న పది దేశాలు యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా చేరాయి. దాంతో కూటమి సరిహద్దు బాగా తూర్పుకు జరిగింది. కొత్త సరిహద్దుకు అవతల ఉన్న దేశాలను ఏం చేయాలి? అన్నింటినీ సభ్యులుగా చేర్చుకోవడం కూటమికి ఇష్టం లేదు. అలాగని దూరం పెట్టడమూ కుదరదు. అందుకని అదే ఏడాది 'యూరప్ పొరుగు విధానం' ప్రకటించింది. తూర్పున ఉక్రెయిన్, మోల్డోవా, జార్జియా సహా ఆరు దేశాలు, దక్షిణాన మొరాకో, ట్యునీషియా, ఈజిప్టు సహా పది దేశాలు ఈ విధానం కిందికి వస్తాయి.

ఇందులోని బేరం తేలిగ్గానే అర్థమవుతుంది. మా మార్కెట్‌లోకి రానిస్తాం, నిధులిస్తాం, మీరు మీ చట్టాలను మా చట్టాలకు దగ్గరగా మార్చుకోండి అన్నది ఒప్పందం. సభ్యత్వం గురించి మాత్రం హామీ లేదు. అంటే కూటమి చేసే నియమాలను పొరుగు దేశం పాటించాలి. ఆ నియమాలు చేసే బల్ల దగ్గర దానికి కుర్చీ ఉండదు.

వ్యవసాయంలో ఈ నియమాలంటే పురుగుమందు అవశేషాల పరిమితులు, పశువైద్య తనిఖీలు, పాల సేకరణలో శుభ్రత, ప్యాకింగు, లేబుళ్ళు. వీటిలో తినేవారి ఆరోగ్యానికి మేలు చేసేవి చాలా ఉన్నాయి. కాదనం. అయితే రెండు ఆవులున్న కుటుంబానికీ, వెయ్యి ఆవులున్న కంపెనీకీ ఒకే ప్రయోగశాల, ఒకే శీతల గిడ్డంగి, ఒకే ధ్రువపత్రం కావాలంటే ఖర్చు ఎవరి మీద ఎక్కువ పడుతుందో మన పాడి రైతుకు చెప్పనక్కరలేదు. పైగా యూరప్ పొలాల్లో వాడకూడదని నిషేధించిన కొన్ని పురుగుమందులను అక్కడి కంపెనీలు ఇప్పటికీ తయారుచేసి ఇతర దేశాలకు అమ్ముకుంటున్నాయి. మందు మనకు అమ్ముతారు, దాని ఆనవాళ్ళు సరుకులో కనిపిస్తే వెనక్కి పంపుతారు.

తలుపు తెరిచింది ఎంత?

ఉక్రెయిన్, మోల్డోవా, జార్జియా దేశాలు 2014 జూన్ 27న కూటమితో ఒప్పందాలపై సంతకాలు చేశాయి. స్వేచ్ఛా వాణిజ్యం వాటిలో భాగం. వ్యవసాయం దగ్గరికి వచ్చేసరికి కోటాలు మొదలయ్యాయి. ఉక్రెయిన్ తేనెకు మొదట ఏడాదికి 5,000 టన్నుల వరకే సుంకం లేదు. ఆ కోటా జనవరి మొదటి రోజుల్లోనే అయిపోయేది. మోల్డోవా వెల్లుల్లికి ఇచ్చిన కోటా 220 టన్నులు. పది టన్నుల లారీలు 22 నింపితే సరి, ఏడాది వాటా పూర్తి.

దక్షిణాన ట్యునీషియా నుంచి ఏడాదికి 56,700 టన్నుల ఆలివ్ నూనెను సుంకం లేకుండా అనుమతిస్తారు. ఆపైన వచ్చేదానికి భారీ సుంకం. ఆ నూనెలో ఎక్కువ భాగం పీపాల లెక్కన ఇటలీకీ స్పెయిన్‌కూ వెళ్తుంది. అక్కడ సీసాల్లోకి ఎక్కి కంపెనీల పేరుతో అమ్ముడవుతుంది. చెట్టు పెంచినవాడికి ముడి సరుకు ధర, సీసాలో పోసినవాడికి బ్రాండు ధర.

మొరాకో టమాటా కథ ఇంకొకటి. ఫలానా నెలల్లో ఇంత, ఫలానా ధరకు తగ్గకుండా అని లెక్కగట్టి లోపలికి రానిస్తారు. ఆ టమాటాలో ఎక్కువ భాగం అగాదిర్ చుట్టుపక్కల సూస్-మాసా ప్రాంతంలో పండుతుంది. ఎగుమతి పంటల కోసం తోడి తోడి అక్కడ భూగర్భ జలం అడుగంటింది. 2022 నుంచి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి పొలాలకు పారిస్తున్నారు. బోరు మీద బోరు వేసి నష్టపోయిన అనంతపురం రైతుకు ఈ బాధ తెలుసు. అదే మొరాకో తన రొట్టెకు కావలసిన గోధుమలను ఫ్రాన్స్ వంటి దేశాల నుంచి కొనుక్కుంటోంది. నీళ్ళను టమాటా రూపంలో అమ్ముకుని తిండిగింజలు కొనుక్కునే దేశం కరువు వచ్చినప్పుడల్లా ఇతరుల దయ మీద బతకాలి.

తన రైతును కాపాడుకోవడం తప్పని మేం అనడం లేదు. యూరోపియన్ యూనియన్ తన బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు వ్యవసాయానికి పెడుతోంది. 2021-27 కాలానికి ఆ మొత్తం సుమారు 38,700 కోట్ల యూరోలు. తన రైతు పట్ల ఆ బాధ్యత మెచ్చుకోదగిందే. ఆ హక్కు పొరుగు దేశానికీ ఉండాలన్నదే మన వాదన. 2015లో ట్యునీషియాతో ఇంకా లోతైన స్వేచ్ఛా వాణిజ్యం కోసం చర్చలు మొదలైనప్పుడు అక్కడి రైతు సంఘం వ్యతిరేకించింది. ఇంత సబ్సిడీ పొందే రైతుతో, ఏ అండా లేని మా రైతు పోటీ ఎలా పడతాడని నిలదీసింది. 2019 తర్వాత ఆ చర్చలు ముందుకు కదల్లేదు.

పెద్దల కుమ్ములాట

పొరుగు దేశానికి ఇంకో పక్కన ఇంకో పెద్ద దేశం ఉంటే కష్టం రెట్టింపవుతుంది. మోల్డోవా ద్రాక్షసారాకు ఏళ్ళ తరబడి రష్యాయే పెద్ద మార్కెట్. మోల్డోవా యూరప్ వైపు అడుగులు వేస్తుండగా 2013 సెప్టెంబరులో రష్యా ఆ సారాను నిషేధించింది. ఒప్పందంపై సంతకం పెట్టిన మరుసటి నెలే, 2014 జూలైలో, ఆపిల్, రేగు జాతి పండ్లనూ ఆపేసింది. పేరుకు నాణ్యత లోపం, అసలు కారణం అందరికీ తెలుసు. ఆబోతులు కుమ్ములాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు తోటల రైతులు నలిగిపోయారు. యూరప్ సారాపై ఆంక్షలు ఎత్తేసి, పండ్లకు కోటాలిచ్చి కొంత ఆదుకున్న మాట నిజం. కానీ ఒక మార్కెట్‌కు అలవాటైన తోటను ఇంకో మార్కెట్ కోసం మార్చడం ఒక సీజన్‌లో అయ్యే పని కాదు. చెట్టు కాపుకు రావడానికే ఏళ్ళు పడుతుంది.

అత్త సొమ్ము అల్లుడు దానం

ఇక పోలండ్ సరిహద్దు సంగతి. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడితో ఉక్రెయిన్ ఓడరేవులు మూతపడ్డాయి. ఆ జూన్‌లో కూటమి ఉక్రెయిన్ సరుకులపై సుంకాలూ కోటాలూ తాత్కాలికంగా ఎత్తేసింది. ఆపదలో ఉన్న పొరుగువాడికి అది చేయవలసిన సాయమే. పొరపాటు సాయంలో లేదు, సాయం ఖర్చును పంచిన తీరులో ఉంది.

ఆ ధాన్యం రైళ్ళ మీదా రోడ్ల మీదా యూరప్ దాటి ఆఫ్రికా, ఆసియా దేశాలకు చేరాలన్నది ఆలోచన. ఉక్రెయిన్ రైలు పట్టాల వెడల్పు వేరు, యూరప్ పట్టాల వెడల్పు వేరు. సరిహద్దు దగ్గర సరుకు దించి ఎక్కించాలి. గిడ్డంగులు, వ్యాగన్లు, ఓడరేవుల సామర్థ్యం చాలలేదు. ధాన్యంలో కొంత పక్క దేశాల్లోనే అమ్ముడైపోయింది. ఎరువులు మండే ధరకు కొన్న పోలండ్, రుమేనియా, బల్గేరియా రైతులు పంట చేతికొచ్చేసరికి ధర పడిపోయి నిలువునా మునిగారు. ప్రపంచ ధరలు దిగిరావడమూ అందుకు తోడైంది. 2023 ఏప్రిల్‌లో పోలండ్ వ్యవసాయ మంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది.

అప్పుడు గానీ కూటమి మేలుకోలేదు. మొదట 5.63 కోట్ల యూరోలు, తర్వాత 10 కోట్ల యూరోలు పరిహారం ప్రకటించింది. 2023 మే నుంచి సెప్టెంబరు 15 వరకు ఐదు సరిహద్దు దేశాల్లో ఉక్రెయిన్ గోధుమ, మొక్కజొన్న, ఆవజాతి గింజలు, పొద్దుతిరుగుడు గింజల అమ్మకాన్ని ఆపింది. ఆ గడువు ముగియగానే పోలండ్, హంగేరీ, స్లొవాకియా సొంతంగా నిషేధాలు పెట్టుకున్నాయి. 2024లో గుడ్లు, కోడిమాంసం, చక్కెర, తేనె వంటివాటికి మళ్ళీ పరిమితులు వచ్చాయి. 2025 అక్టోబరు 29 నుంచి కొత్త కోటాలతో సవరించిన ఒప్పందం అమల్లోకి వచ్చింది. అందులోనూ 2028 నాటికి ఉక్రెయిన్ తన ఉత్పత్తి ప్రమాణాలను యూరప్ ప్రమాణాలకు సరిపోల్చుకోవాలన్న షరతు ఉంది.

రాజధానుల్లో కూర్చున్నవారు ఉదారత చాటుకున్నారు. దాని ఖర్చు సరిహద్దు జిల్లాల రైతు మీద పడింది. అవతల ఉక్రెయిన్ చిన్న రైతుకైనా లాభం కలిగిందా అంటే అదీ లేదు. రవాణా ఖర్చంతా మినహాయించుకుని వ్యాపారి కళ్ళం దగ్గర ఇచ్చిన ధర నేలను తాకింది. గట్టెక్కినవారు రెండు వైపులా ధాన్యం కొని అమ్మే వ్యాపారులు, లక్షల ఎకరాలు కౌలుకు తీసుకుని సాగు చేయించే ఉక్రెయిన్ బడా కంపెనీలు.

రైతు సంఘం చూపిన దారి

ఇలాంటప్పుడు పక్క దేశపు రైతును శత్రువుగా చూపించడం పాలకులకు సులువు. ఫ్రాన్స్‌లోని 'కాన్ఫెడరేషన్ పేజాన్' అనే రైతు సంఘం వేరే దారి చూపింది. పశ్చిమ సహారాలో అధిక భాగం మొరాకో అధీనంలో ఉంది. ఆ నేలలో పండిన టమాటాలు, కర్బూజాలు మొరాకో లేబులుతో ఫ్రాన్స్‌కు వస్తుంటే ఈ సంఘం కోర్టుకు వెళ్ళింది. మొరాకో రైతు మీద ద్వేషం రెచ్చగొట్టలేదు. పంట ఏ నేలలో పండిందో నిజం చెప్పమంది. 2024 అక్టోబరు 4న యూరప్ న్యాయస్థానం తీర్పు ఇస్తూ, ఒక సభ్య దేశం సొంతంగా దిగుమతులు ఆపలేదు గానీ లేబులు మీద పశ్చిమ సహారా పేరే ఉండాలని చెప్పింది. అదే రోజు, పశ్చిమ సహారా ప్రజల సమ్మతి లేకుండా ఆ నేలకు వాణిజ్య ఒప్పందాన్ని వర్తింపజేయడం చెల్లదని ఇంకో తీర్పులో తేల్చింది. నేల ఎవరిది, సమ్మతి ఎవరిది అన్న ప్రశ్నలు వాణిజ్య పత్రాల్లో కూడా అడగాలని ఈ తీర్పులు నేర్పుతున్నాయి.

మనం అడగవలసినవి

యూరోపియన్ యూనియన్‌తో మన దేశం చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్ళీ పుంజుకున్నాయి. ఏడాది చివరికల్లా ముగించాలని 2025 ఫిబ్రవరిలో ఇరుపక్షాల నేతలు నిర్ణయించారు. వారి నియమాల బరువు మనకు కొత్త కాదు. మన రొయ్యల సరుకులో సగానికి 2016 నుంచి అక్కడ తనిఖీ తప్పనిసరి. మిర్చి పంపే వ్యాపారిని అవశేషాల పరీక్ష భయపెడుతుంది, అతను ఆ భారాన్ని గుంటూరు యార్డులో రైతు ధరలో కోసుకుంటాడు.

దిగుమతుల సంగతీ మనకు అనుభవమే. ఆగ్నేయాసియా కూటమితో 2010లో ఒప్పందం అమల్లోకి వచ్చినప్పటి నుంచి పామాయిల్ సుంకం మీద మన రైతు కన్ను వేసి ఉంచవలసి వస్తోంది. ముడి పామాయిల్‌పై 2024 సెప్టెంబరులో ప్రాథమిక సుంకం 20 శాతం చేసిన కేంద్రం, 2025 మే చివర్లో దాన్ని 10 శాతానికి దించింది. ఆయిల్ పామ్ మొక్క కాపుకు రావడానికి నాలుగేళ్ళు, సుంకం మారడానికి ఒక రాత్రి. ఖమ్మం, పశ్చిమ గోదావరి రైతు దేన్ని నమ్మి తోట వేయాలి?

మన దేశం కూడా పొరుగువారికి పెద్ద దేశమేనని మరిచిపోకూడదు. 2019 సెప్టెంబరులో, 2023 డిసెంబరులో ఉన్నట్టుండి ఉల్లి ఎగుమతులు ఆపేసినప్పుడు బంగ్లాదేశ్‌లో ధర మండిపోయింది, ఇక్కడ ఉల్లి రైతు ధర కోల్పోయాడు. యూరప్‌ను వేలెత్తి చూపే మనం ఇక్కడా అదే మాట అనాలి.

రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. అయినా విదేశీ ఒప్పందాలకు రాష్ట్రాల సమ్మతి అవసరం లేదు, పార్లమెంటు ఆమోదం కూడా తప్పనిసరి కాదు. అక్కడ యూరప్ పార్లమెంటు ఓటు వేయాలి, ఇక్కడ సంతకమయ్యాక పత్రికల్లో చదువుకోవాలి. 2019 నవంబరులో ఆర్‌సెప్ ఒప్పందం నుంచి మన ప్రభుత్వం తప్పుకుంది. పాడి రైతులతో సహా దేశ రైతాంగం ముందే మేలుకుని గొంతెత్తడం అందుకు ఒక ముఖ్య కారణం.

అందువల్ల మేం కోరేది ఇది. ఒప్పందాల్లో వ్యవసాయ అధ్యాయాన్ని సంతకానికి ముందే పార్లమెంటు ముందు, రాష్ట్ర శాసనసభల ముందు పెట్టాలి. రైతు సంఘాలను పిలిచి మాట్లాడాలి. పాలు, తిండిగింజలు, నూనెగింజలపై సుంకం పెంచుకునే హక్కును వదులుకోకూడదు. దిగుమతుల వల్ల ధర పడితే పరిహారం ఎంత, ఎవరిస్తారు అన్నది ముందే రాసి ఉండాలి. నాణ్యతా పరీక్షల ఖర్చు రైతు మీద వేయకుండా ప్రతి పెద్ద మార్కెట్ యార్డులో ప్రభుత్వ ప్రయోగశాల పెట్టాలి.

దేశాల మధ్య స్నేహం ఉండవలసిందే. ఆ స్నేహం ఖర్చును ఖజానా భరించాలి, రైతు కళ్ళం నుంచి వసూలు చేయకూడదు. మండల కమిటీలు ఈ నెల సమావేశాల్లో దీన్ని చర్చించి తీర్మానాలు పంపాలని కోరుతున్నాం.