జాతర జనానికి నీళ్లేవి?

ఏటా మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. అవిలాల నుంచి పుట్టింటి సారె వచ్చాక మంగళవారం అర్ధరాత్రి చాటింపు వేస్తారు. మరునాటి నుంచి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వరుసగా సాగుతాయి. ఒంటికి సుద్ద, కుంకుమ, బొగ్గు పూసుకొని పసిపిల్లలు సైతం మండుటెండలో నడుస్తారు. మరుసటి మంగళవారం పొంగళ్లు పెట్టడానికి పల్లెల నుంచి ఆడవారు తరలివస్తారు.

చలివేంద్రాలు ఏప్రిల్‌లోనే వెలుస్తాయి. మామిడి తోరణం, రిబ్బను కత్తిరింపు, మజ్జిగ పంపిణీ అన్నీ ఘనంగానే జరుగుతాయి. (ఆనాడు గ్లాసు పట్టుకొని ఫొటోకు నిలబడే పెద్దలకు అంత దాహమేమీ ఉండదు.) జాతర నాటికి ఎన్ని పందిళ్ల కింద కుండలు నిండి ఉంటాయన్నదే ప్రశ్న. నాయకుల కంటపడే కూడళ్లలో పందిళ్లు వేస్తే, చంకన బిడ్డతో, తలపై పొంగలి దబరతో బస్సు దిగే తల్లికి ప్రయోజనమేమిటి?

బస్టాండు నుంచి గుడి దాకా దారి పొడవునా నీళ్లు ఉంచాలి. విశ్వరూప దర్శనం ఆఖరి రోజు తెల్లవారుజామున గనుక, అంతవరకు కుండలు నింపే మనిషీ ఉండాలి. ఆడవారికి మరుగుదొడ్లు అంతకన్నా ముఖ్యం. అవి లేవనే భయంతో దాహమైనా నీళ్లు తాగక ఓర్చుకునేవారు ఎందరో.

మరొకటి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ మనిషి తూలితే అమ్మవారి పూనకమని ఊరుకోరాదు. అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ 108కు ఫోను చేయాలి. ఈ సంగతి జాతర మైకులో గంటకోసారి చెప్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.