దూరపు యుద్ధం, మన పత్తి ధర

ఉక్రెయిన్ ఎక్కడ, ఆదిలాబాదు ఎక్కడ! అయినప్పటికీ 2025 సీజనులో ఆదిలాబాదు, జమ్మికుంట యార్డులకు దిగిన పత్తి ధరలో ఆ యుద్ధానికి కూడా వాటా వున్నది. ఇది అతిశయోక్తి కాదు. పద్దులు వరుసగా వేసి చూస్తే వర్తకులకు ఇట్టే బోధపడుతుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. పాశ్చాత్య దేశాలు రష్యా చమురును కాదనడంతో ఆ సరుకు తగ్గింపు ధరకు దిగివచ్చింది. మనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే. కనుక ఢిల్లీ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఓటింగులో తటస్థంగా నిలిచి, చమురు కొన్నది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో 2 శాతమైనా లేని రష్యా చమురు 2023 నాటికి మూడో వంతు దాటింది. ఎదుగుతున్న దేశం ముందు తన అవసరం చూసుకోవడంలో తప్పులేదు. చవకగా వచ్చిన సరుకును వదులుకొమ్మని ఏ షావుకారుకు చెప్పగలం?

అయితే ప్రతి బేరానికీ ఖర్చుల పద్దు వుంటుంది. రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా 25 శాతం అదనపు సుంకం ప్రకటించింది. అంతకు ముందున్న 25 శాతంతో కలిపి 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుపై భారం 50 శాతమైంది. పోటీదారులైన బంగ్లాదేశ్, వియత్నాంలపై అప్పుడు పడినది 20 శాతం మాత్రమే. మన దుస్తులకు అతిపెద్ద మార్కెట్ అమెరికాయే కావడంతో ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. వారికి ఊరటగా కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తివేసింది. తొలుత సెప్టెంబరు 30 వరకన్న గడువును డిసెంబరు 31 దాకా పొడిగించింది.

చిక్కంతా ఈ పొడిగింపులోనే వున్నది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన యార్డులకు కొత్త సరుకు వెల్లువగా వచ్చే కాలం. విదేశీ దూది సుంకం లేకుండా ఓడరేవుకు చేరితే, ఆ ధరకు మించి ఇక్కడి దూదిని ఏ మిల్లు అడుగుతుంది? పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతు ధర ఉన్నప్పటికీ ప్రైవేటు కొనుగోళ్లు అంతకు దిగువనే సాగాయి. కాటన్ కార్పొరేషన్ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం దాటితే సరుకు వెనక్కే. మంచు కురిసే రోజుల్లో ఏరిన పత్తికి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

మిల్లుల వాదన కొట్టివేయదగినది కాదు. వారి మగ్గాలు ఆగితే మన జిన్నింగు మిల్లుల బేళ్లకు గిరాకీ వుండదు. చమురు బేరంలో సామాన్యునికి మేలు జరగలేదనీ అనలేము. 2022 మే నుంచి 2024 మార్చి వరకు ఇక్కడి పంపుల్లో డీజిల్ ధర కదలలేదు. ప్రపంచ ధరలు మండినప్పుడు మనకు పెరగలేదు, చల్లారినప్పుడు తగ్గనూ లేదు. మేలు ఆ మేరకు దేశమంతటికీ పంచబడింది. ఖర్చు మాత్రం పత్తి రైతు పద్దులో ఎక్కువగా పడింది. మా అభ్యంతరం అందుకే.

దూరపు యుద్ధాలు పత్తి ధరను శాసించడం కొత్త కాదు. 1861-65 అమెరికా అంతర్యుద్ధ కాలంలో పెన్‌గంగకు ఆవల బేరారు పత్తికి బొంబాయిలో బంగారు ధర పలికింది. యుద్ధం ముగియగానే ధర కుప్పకూలి, నిల్వలు పట్టినవారు దివాలా తీశారు. నాడు మన పాలకులకు నిర్ణయాధికారం లేదు. నేడు వున్నది. కనుక బాధ్యత కూడా వున్నది.

2022లో ఏప్రిల్ 14న ఎత్తివేసిన పత్తి సుంకాన్ని అక్టోబరు 31తో ముగించారు. రైతు ఇంట సరుకు లేని నెలల్లో మిల్లులను ఆదుకోవడం సబబు. అదే పద్ధతిని నియమంగా పాటించాలి. సుంకంపై నిర్ణయాన్ని విత్తనాలు వేయకముందే ప్రకటించాలి. రాయితీ తప్పనిసరి అయిన ఏడాది కొనుగోలు కేంద్రాలను ముందుగా తెరిచి, తేమ నిబంధన సడలించాలి. ఢిల్లీ తన త్రాసులో చమురును, ఎగుమతులను తూచినట్టే ఆదిలాబాదు పత్తిని కూడా తూచవలసి వున్నది.

వర్తక సోదరులకు ఒక మనవి. వాషింగ్టన్ నుంచి వచ్చే పుకార్లను నమ్మి నిల్వలు పట్టవద్దు. సుంకం ఉత్తర్వులోని గడువు తేదీని చూసి బేరం కుదుర్చుకోండి. సుంకం ఎత్తివేసినా, తిరిగి విధించినా, మన బజారులో ధర మారేది ఆ తేదీతోనే.