ఉడికించిన కోడిపై చిన్నచూపేల?

మిరపయుఁ బ్రత్తియుఁ బండించు కృష్ణాతీరపు చందర్లపాటి ప్రాంతమున నిలిచి, కారము లేని కోడిమాంసమును మెచ్చుకొనుట సాహసమే యగును. జ్వరము తగ్గినవారికిఁ బథ్యముగానో, దంతములు సడలిన వృద్ధులకో తప్ప, ఉప్పునీట నుడికించిన కోడిని మన యిండ్ల నెవ్వరును గోరి తినరు. ఈ చిన్నచూపు న్యాయము కాదని నా యభిప్రాయము.

మన పొలముల నిండిన మిరప, 16వ శతాబ్దమునఁ బోర్చుగీసువారి వెంట అమెరికా ఖండమునుండి వచ్చిన పైరు. అంతకు పూర్వము మన వంటలకు ఘాటునిచ్చినవి ముఖ్యముగా మిరియములు. కావున మిరియపుపొడి చల్లిన యుడుకుమాంసమును పరాయి తిండియని త్రోసిపుచ్చుట తగదు.

వంట సులభమే గాని, యజాగ్రత్తను సహింపదు. మసాలా కప్పిపుచ్చు లోపమును ఉప్పునీరు దాఁపదు. తాజా మాంసమును మునుగునంత నీటఁ బెట్టి, ఉప్పు, అల్లము, వెల్లుల్లి, మిరియములు చేర్చి, తెర్లుట మొదలుకాఁగానే మంట తగ్గింపవలెను. ఏలయన, సలసల క్రాఁగు నీట కండ బిగిసి పీచువాఱును. ముక్క నడుమ వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కుఁ జేరినఁగాని తినరాదు. ఫారముకోడి త్వరగా నుడుకును. ముదురు నాటుకోడికి ఓర్పు హెచ్చుగాఁ గావలెను, కాని యా యోర్పునకుఁ బ్రతిఫలముగా నెముకల సారమెల్ల రసమునకు దిగును.

నూనెయుఁ గారమును వీడుమని నేననను. వారమున కొక్కపూట ఇంటిల్లిపాదియు నీ రసముతో నన్నము తినిన, రోగికని విడిచిన వంట ఆరోగ్యవంతునకును రుచించునని తెలియఁగలదు.