కర్త లేని చీకటి

2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులర్ జైలును గురించి తెలుగులో వెలువడే వర్ణనలకు ఒక మూస ఏర్పడింది. “చీకటి గది. ఇనుప చువ్వలు. సంకెళ్ల చప్పుడు. ఆర్తనాదం...” ఇటువంటి ముక్కలను పేర్చి, చివర మూడు చుక్కలు పెడితే నరకం కళ్లకు కడుతుందని రచయితల నమ్మకం. ఛిద్రమైన జీవితాలకు ఛిద్రమైన వాక్యమే తగినదని వారి సమర్థన. వినడానికి ఇంపుగా ఉన్న ఈ వాదం చరిత్ర ముందు నిలవదు.

ఆ జైలులో ఛిద్రమైనది మనిషే కాని వ్యవస్థ కాదు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడంలో, నడిమి గోపురం నుండి ఏడు విభాగాలు చక్రపు ఆకుల వలె సాగాయి. ఒక విభాగపు ముఖం మరొకదాని వీపును చూచేటట్లు కట్టడంచేత ఖైదీలు పరస్పరం చూసుకొనే వీలు లేకపోయింది. గానుగ తిప్పే ఖైదీ రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలని అధికారులు లెక్క విధించారు. అక్కడి క్రౌర్యం కొలతలతో, లెక్కలతో, క్రమం తప్పక నడిచింది. దానిని తెగిన మాటలలో చెబితే ఆ క్రమమే పాఠకునికి కనబడకుండా పోతుంది.

తెలుగులో క్రియాపదం లేకున్నా వాక్యం పూర్తి కావచ్చు. “ఇది గానుగ” అన్నది నిండు వాక్యమే. కనుక లోపం క్రియ లేకపోవడం కాదు. ఎవరు, ఎవరిని, ఏమి చేశారన్న సంబంధం తెగిపోవడం. “గొట్టం. పాలు. మరణం.” అని రాస్తే నేరం ఎవరిదో తెలియదు. 1933 మే నెలలో నిరాహారదీక్షలో ఉన్న మహావీర్ సింగ్‌కు జైలు సిబ్బంది గొట్టంతో బలవంతంగా పాలు పోయగా, అవి ఊపిరితిత్తులలో చేరి ఆయన మరణించాడు. ఈ వాక్యంలో నేరమూ ఉంది, నేరం చేసినవారూ ఉన్నారు. “ఆహారం ఎక్కించబడింది” అనే కార్యాలయ భాషకూ, కవితాత్మకమైన ముక్కలకూ పైకి పొత్తు కుదరదు. కాని రెండూ కర్తను దాచిపెట్టేవే.

ఆ శిక్షను అనుభవించిన బారీంద్ర కుమార్ ఘోష్, సావర్కర్ తమ జ్ఞాపకాలను కార్యకారణాలు తెలిసే కథనంగానే రాశారు. ఊహాలోకపు నిర్బంధాన్ని చిత్రించిన ఆర్వెల్ సైతం 1949 నాటి నవలలో తేటైన వాక్యాన్నే నమ్ముకున్నాడు.

తెలుగువారికి ఇది పరుల కథ కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను, కాకినాడ బాంబు కేసు ముద్దాయి ప్రతివాది భయంకర వెంకటాచారిని బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌కు పంపింది. ఏడు విభాగాలలో నేడు నిలిచినవి మూడే. కూలిన నాలుగింటిలో జరిగినదానికి ఇక రాత ఒక్కటే సాక్ష్యం. ఫలకం మీదనైనా, పాఠ్యపుస్తకంలోనైనా ఆ సాక్ష్యం చెప్పబూనినవారు ముందుగా కర్త పేరు రాయాలి.