ఉస్మానియా గ్రంథాలయ విస్తరణ: పెరగవలసినవి కుర్చీలు మాత్రమేనా?

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్: ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిజిటల్ లైబ్రరీ రీడింగ్ రూమ్ నిర్మాణ పనులకు ముఖ్యమంత్రి శ్రీ ఎ.రేవంత్ రెడ్డి 2025 ఆగస్టు 25న శంకుస్థాపన చేశారు. రూ.80 కోట్ల వ్యయంతో 1,200 మంది విద్యార్థుల కోసం నిర్మించిన దుందుభి, భీమ వసతిగృహాలను కూడా అదే రోజున ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరు 10న ఆర్ట్స్ కళాశాల వద్ద జరిగిన సభలో విశ్వవిద్యాలయ అభివృద్ధికి రూ.1,000 కోట్లు ప్రకటించిన విషయం విదితమే. ఈ నిధులలో గ్రంథాలయం వాటా ఎంత అనే దానికంటే, ఆ వాటాను దేనిపై వెచ్చించాలన్నది ఆలోచించదగిన విషయం.

వసతిగృహాన్ని, పఠన మందిరాన్ని కలిపి చూడవలసిన అవసరం ఉంది. గదిని ఇద్దరు ముగ్గురితో పంచుకునే విద్యార్థికి రాత్రి వేళ చదువుకునే చోటు గ్రంథాలయమే. వసతిగృహంలో పడకలు పెరిగిన కొద్దీ గ్రంథాలయంలో కుర్చీలకు గిరాకీ పెరుగుతుంది. గ్రామీణ ప్రాంతాల నుంచి వచ్చి, నగరంలో ప్రైవేటు స్టడీ హాలుకు నెలనెలా రుసుము చెల్లించలేని అభ్యర్థులకు ఈ కుర్చీ ఎంత విలువైనదో చెప్పనవసరం లేదు.

పోటీ పరీక్షల కాలం ఈ గిరాకీని మరింత పెంచింది. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో వెలువడిన గ్రూప్-1 ప్రకటన ఇందుకు ఉదాహరణ. ఆ ప్రిలిమినరీ పరీక్ష 2022లో ఒకసారి, 2023లో మరోసారి జరిగి రెండు పర్యాయాలూ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వెలువడింది. ఏడాదిలో ముగుస్తుందనుకున్న సన్నద్ధత ఏళ్ల తరబడి సాగింది. అన్నాళ్లూ ఆ అభ్యర్థులకు ఒక బల్ల, ఒక దీపం, ఒక ప్లగ్ పాయింట్ కావలసి వచ్చాయి. వీరిలో అత్యధికులు తమ పుస్తకాలను తామే సంచిలో తెచ్చుకుంటారు. గ్రంథాలయం నుంచి వారు కోరేది స్థలం, నిశ్శబ్దం, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి. ఈ కోరికలు న్యాయమైనవే. పఠన మందిరం పని వేళలు పెంచడానికి పెద్ద భవనం కూడా అక్కరలేదు. రాత్రి విధులకు సిబ్బంది, భద్రత ఉంటే చాలును.

అయితే ఈ గ్రంథాలయానికి వచ్చే పాఠకులు వీరొక్కరే కారు. 1918లో విశ్వవిద్యాలయంతో పాటే ఏర్పడిన ఈ సంస్థలో సుమారు 5 లక్షల పుస్తకాలు, 6 వేలకు పైగా రాత ప్రతులు ఉన్నాయి. వాటిలో తాళపత్రాలు సైతం ఉన్నాయి. ఉస్మానియాలో తొలి మూడు దశాబ్దాలు ఉర్దూ మాధ్యమంలో బోధన జరిగింది. అందుకోసం 1917లోనే ఏర్పాటైన అనువాద విభాగం విజ్ఞాన శాస్త్రం, వైద్యం, న్యాయం, చరిత్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనా అన్న ప్రశ్న నేటికీ చర్చలో ఉన్నందున, ఆ ప్రయోగపు ఆధారాలు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాయన్నది కేవలం పురావస్తు ఆసక్తి కాదు. వాటి కోసం వచ్చే పరిశోధకుడు రోజుకు ఒక్కడే కావచ్చు. కానీ అతనికి మరొక చోటు దొరకదు.

అంతర్జాలంలో పాత తెలుగు పుస్తకాలు వెతికే వారికి తొలి పుటలలో అతికించిన ‘ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ’ చీటీ సుపరిచితమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద ఈ గ్రంథాలయపు పుస్తకాలు పెద్ద సంఖ్యలో స్కాన్ కావడమే ఇందుకు కారణం. ఆ పథకపు వెబ్‌సైటు 2017లో నిలిచిపోయినా, ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాఠకులకు అందుతున్నాయి. ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. పుటలు తప్పిన, పేర్లు తారుమారైన స్కాన్లు వాటిలో తక్కువేమీ కాదు. అసలు ప్రతి అరలో భద్రంగా ఉంటేనే వాటిని సరిదిద్దడం వీలవుతుంది. స్కాన్ అయింది కనుక పుస్తకం అక్కరలేదన్న వాదన ఇక్కడ చెల్లదు.

కుర్చీల కోసం అరలు తొలగించాలా, అరల కోసం కుర్చీలు తగ్గించాలా అన్న చిక్కు ఇంజినీర్ల బల్ల మీదకు రాక తప్పదు. భారతీయ ప్రమాణాల ప్రకారం పుస్తకాల అరలుండే గది అంతస్తును చదువుకునే గది కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల బరువుకు రూపొందించాలి. పట్టాలపై జరిగే కాంపాక్ట్ అరలకు ఈ బరువు ఇంకా పెరుగుతుంది. కనుక అరల గదిని పఠన మందిరంగా మార్చినప్పుడు బరువు సమస్య రాదు. గాలి, వెలుతురు చూసుకుంటే సరిపోతుంది. పఠన మందిరంలోకి అరలను తరలించాలంటే మాత్రం ముందుగా నిర్మాణ పటిష్ఠతను పరీక్షించాలి. ఈ కారణంగా కొత్త కట్టడాన్ని పాఠకులకు కేటాయించి, పాత భవనాన్ని పుస్తకాలకు, రాత ప్రతులకు, పరిశోధకులకు బాగు చేయడం మేలైన మార్గంగా కనిపిస్తోంది. ర్యాంపులు, లిఫ్టులు రెండింటికీ అవసరమే. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం ఇవి ఐచ్ఛికాలు కావు. అంధ విద్యార్థుల కోసం పుస్తకాలను వారు చదవగల రూపంలోకి మార్చుకొనే వీలును 2012 సవరణతో కాపీరైట్ చట్టం కల్పించింది.

పత్రికల విషయంలో పరిస్థితి మారింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలూ ఇందులో ఉన్నాయి. చందా భారం ఆ మేరకు తగ్గినా, ఏ పత్రికలో ఏది ఎలా వెతకాలో తొలితరం విద్యార్థికి చూపించే మనిషి లేకపోతే ఆ పత్రికలు తెరపైనే ఉండిపోతాయి.

ఆ మనిషి గురించే అంచనాలలో తక్కువగా రాస్తారు. గ్రంథాలయం పెరిగే ప్రాణి అని 1931లో తన అయిదో సూత్రంలో చెప్పిన ఎస్.ఆర్.రంగనాథన్ గ్రంథాలు, పాఠకులు, సిబ్బంది మూడింటి పెరుగుదలనూ లెక్కలోకి తీసుకున్నారు. భవనానికి ఒక్కసారి నిధులిస్తే సరిపోతుంది. సిబ్బందికి ఏటా ఇవ్వాలి. శంకుస్థాపన జరిగిన పఠన మందిరం తెరుచుకునే నాటికి ఎన్ని కుర్చీలు వేశారన్న లెక్కతో పాటు, తాళపత్రాల గదికి సంరక్షకుడు, కేటలాగుకు బాధ్యుడు, రాత్రి కౌంటరుకు ఉద్యోగి ఉన్నారా అన్న వివరం కూడా అధికారుల నివేదికలలో చేరవలసి ఉంటుంది.